మల్ దీవిలో నీటికుక్కను చూడాలంటే

స్కాట్లాండ్ పడమటి తీరంలోని మల్ దీవికి మొదటిసారి వెళ్లినప్పుడు రెండు రోజుల్లో మూడొందల కిలోమీటర్లు కారు తిప్పాం. నీటికుక్క (ఇంగ్లిష్‌లో ఆటర్) బొమ్మ వేసి మెల్లగా వెళ్లమని హెచ్చరించే రోడ్డు బోర్డులు బాగానే కనిపించాయి, జంతువు మాత్రం కనిపించలేదు. రెండోసారీ అదే కథ. మూడోసారి కాకినాడ నుంచి వచ్చిన నాన్నను కూడా తీసుకెళ్లాం. మోకాళ్ల నొప్పులతో ఆయన "నేనెక్కడికీ రాను, మీరు తిరిగి రండి" అని లాక్ నా కీల్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఒక బండరాయి మీద ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చుండిపోయారు. మేం గంటన్నర సేపు రాళ్లల్లో పడి వెతికి వచ్చేసరికి, "ఇప్పుడే పోయిందమ్మా. అదిగో, ఆ రాతి మీద కూర్చుని పీతను కరకరా నమిలింది. నిన్ను పిలుద్దామంటే అరవకూడదన్నావుగా" అన్నారు.

ఆ తర్వాత ఐదుసార్లు వెళ్లాం, నాలుగుసార్లు చూశాం. చేసిన మార్పల్లా తిరగడం తగ్గించి కూర్చోవడమే. ఎక్కడ కూర్చోవాలి, ఏ వేళకి కూర్చోవాలి, కూర్చుని ఏం చూడాలి అన్నది కింద రాస్తున్నాను. బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లకీ, పిల్లల దగ్గరికి ఇటు వచ్చే అమ్మానాన్నలకీ పనికొస్తుంది.

ముందు, ఏ జంతువు కోసం వెళ్తున్నారో తెలుసుకోండి

ఆటర్ అనగానే చాలామందికి వీడియోల్లో వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద రాయి పెట్టుకుని గుల్లలు పగలగొట్టే జంతువు గుర్తొస్తుంది. అది పసిఫిక్ మహాసముద్రపు సీ ఆటర్. ఇక్కడ దొరకదు. స్కాట్లాండ్ దీవుల్లో ఉండేది యూరేసియన్ ఆటర్, అంటే నదుల్లోనూ చెరువుల్లోనూ ఉండే జాతే. మధ్యప్రదేశ్‌లోని సాత్పురా పులుల అభయారణ్యంలో 2016లో కెమెరా ట్రాప్‌కు చిక్కింది కూడా ఇదే జాతి. ఈ స్కాట్లాండ్ దీవుల్లో అది సముద్రంలో వేటాడటం నేర్చుకుంది, అంతే.

మన కోరింగ మడ అడవుల్లో ఉండేది వేరు. అవి నున్నటి బొచ్చు నీటికుక్కలు. గుంపులుగా తిరుగుతాయి, గోల చేస్తాయి, పడవ మీద వెళ్తుంటే ముందు వాటి గోలే వినిపిస్తుంది. మల్ దీవిలోది ఒంటరి. చప్పుడు చేయదు. కోరింగలో చూసిన అలవాటుతో గుంపు కోసం చూస్తే ఎదురుగా పోతున్నదాన్ని కూడా గుర్తుపట్టరు. ఒకటి కంటే ఎక్కువ కనిపించాయంటే అది సాధారణంగా తల్లీ పిల్లలే. పిల్లలు దాదాపు ఏడాది పాటు తల్లి వెంటే తిరుగుతాయి.

తోకతో కలిపి మీటరు పైచిలుకు పొడవు. మగది పది కిలోల దాకా తూగుతుంది, ఆడది ఆరేడు. ఒడ్డు మీద చూస్తే ఇంత పొడవా అనిపిస్తుంది. నీళ్లలో మాత్రం కనిపించేది జానెడు తల, కాస్త వీపు.

ఇంగ్లండ్‌లో కాకుండా ఇంత దూరం ఎందుకు రావాలని అడగొచ్చు. 1950ల చివరి నుంచి డీల్డ్రిన్ లాంటి పురుగుమందులు వాగుల్లో కలిసి, ఇంగ్లండ్‌లో నీటికుక్కలు చాలా చోట్ల కనుమరుగయ్యాయి. పొలాలు తక్కువగా ఉన్న స్కాట్లాండ్ పడమటి తీరంలోనూ, షెట్లాండ్ లాంటి దీవుల్లోనూ నిలిచాయి. ఇంగ్లండ్ నదుల్లోకి ఇప్పుడు తిరిగి వచ్చాయి గానీ అక్కడ ఎక్కువగా రాత్రిపూట తిరుగుతాయి. దీవుల్లోవి పగలే వేటాడతాయి. మనకు కావాల్సింది అదే.

పాటు వేళ చూసుకుని తేదీ పెట్టుకోండి

హోటలు కంటే ముందు చూసుకోవాల్సింది ఇది. మన తీరంలో నీళ్లు ఎక్కితే పోటు, దిగితే పాటు అంటాం కదా. ఇక్కడ పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా పౌర్ణమి, అమావాస్య రోజుల్లో మూడు నాలుగు మీటర్లు ఉంటుంది. నీటికుక్క తినేవి అడుగున, కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు మొదళ్లలో దాక్కునే చిన్న చేపలూ పీతలూ. పోటు మీద ఐదారు మీటర్లు మునగాల్సిన చోట, పాటులో రెండు మీటర్లు మునిగితే పని అయిపోతుంది. ఒంట్లో కొవ్వు పొర లేని జంతువు, చన్నీళ్లలో ఎంత తక్కువ సేపు ఉంటే దానికంత మేలు. అందుకే పాటుకు రెండు గంటల ముందు నుంచి పాటు దాటాక రెండు గంటల వరకు ఒడ్డున ఉండేలా చూసుకోండి. మిగతా వేళల్లో కనిపించదని కాదు. మూడు రోజుల సెలవులో పందెం దేని మీద కాయాలంటే దీని మీద కాయమంటాను.

టైడ్ టేబుల్ ఫోన్లో దొరుకుతుంది. ఓబన్ (దీవికి ఫెర్రీ ఎక్కే ఊరు) లేదా టోబర్‌మోరీ (దీవిలోని ఊరు) పేరుతో వెతకండి. నేను మాత్రం తేదీ ఖాయం చేసుకునేటప్పుడు ముందు గోడ మీది తెలుగు క్యాలెండర్ చూస్తాను. ఈ తీరంలో పౌర్ణమికీ అమావాస్యకీ దగ్గర రోజుల్లో పాటు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో పడుతుంది. అష్టమి దగ్గర రోజుల్లో ఉదయం ఆరేడు, మళ్లీ సాయంత్రం ఆరేడు. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ లెక్క చెప్పగానే నాన్న నవ్వారు, "తాళ్లరేవులో వల వేసేవాళ్లంతా తిథులు చూసే దిగుతారు, దీనికి ఫోనెందుకు" అని. (ఫోను కావాలి. నిమిషాల లెక్క పంచాంగంలో ఉండదు.)

చలికాలంలో పగలు తొమ్మిదింటికి మొదలై నాలుగు లోపే అయిపోతుంది, కాబట్టి పాటు మధ్యాహ్నం పడే పౌర్ణమి, అమావాస్య రోజులు ఎంచుకోండి. జూన్‌లో నాలుగున్నరకే తెల్లారి రాత్రి పది దాటాక పొద్దు గుంకుతుంది, ఏ తిథి అయినా ఫరవాలేదు. అష్టమి పాట్లలో నీళ్లు అంతగా దిగవు గానీ తెల్లవారుజామున రోడ్డు మీద మనిషి ఉండడు, అది కలిసొస్తుంది.

నా మటుకు నాకు ఏప్రిల్, అక్టోబరు నెలలు బాగుంటాయి. మే చివర నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ మిడ్జ్ అని ఆవగింజంత ఈగలు మేఘంలా కమ్ముకుని కుడతాయి. కదలకుండా కూర్చున్నవాడే వాటికి విందు. మన పనేమో కదలకుండా కూర్చోవడమే.

ఇంకొకటి గాలి. నీళ్లు అద్దంలా ఉన్న రోజు నాలుగొందల మీటర్ల దూరంలో ఉన్న తల కూడా కనిపిస్తుంది. అల లేస్తే యాభై మీటర్లలో ఉన్నదీ కనిపించదు. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి, కొండ చాటున ఉన్న ఒడ్డుకు పొండి. వానకు మాత్రం భయపడకండి. సన్న జల్లు పడుతున్నప్పుడు చూసినవే ఎక్కువ.

చేరుకోవడం

గ్లాస్గో నుంచి ఓబన్‌కు సుమారు 150 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి రైలూ ఉంది, మూడు గంటల పైన పడుతుంది. ఓబన్ నుంచి దీవిలోని క్రెయిగ్‌న్యూర్ రేవుకు కాల్‌మాక్ అనే సంస్థ ఫెర్రీలో ముప్పావు గంట పైన. కారు ఎక్కించాలంటే వేసవిలో చాలా ముందే బుక్ చేసుకోవాలి. మేం ఒకసారి "దొరక్కపోతుందా" అని ఆగస్టులో వెళ్లి, కారును రేవులో వదిలేసి మనుషులం మాత్రం దాటాం. దీవిలో బస్సులు చాలా తక్కువ. ఆ ట్రిప్పులో మేం చూసిందల్లా బస్టాపు. ఎదుటి తీరంలోని లాక్‌అలైన్ నుంచి దీవిలోని ఫిష్నిష్‌కు వెళ్లే చిన్న ఫెర్రీకి బుకింగ్ ఉండదు, వరసలో నిలబడితే చాలు. దారి చుట్టు గానీ ఆపద్ధర్మంగా గుర్తుపెట్టుకోండి.

దీవిలో చాలా రోడ్లు ఒకే బండి పట్టేవి. మధ్యమధ్య పాసింగ్ ప్లేస్ అని చిన్న బొడిపెలా వెడల్పు చేసి ఉంటుంది. అది మీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోండి. కుడివైపు ఉంటే లోపలికి పోకుండా దానికి ఎదురుగా ఆగండి, ఎదుటివాళ్లు అందులోంచి చుట్టి ముందుకు వస్తారు. వెనక ఎవరైనా తరుముతున్నట్టు వస్తే అక్కడే ఆగి వాళ్లను పోనివ్వండి, వాళ్లు ఆ ఊరివాళ్లు, ఉద్యోగానికి పోతుంటారు. నీటికుక్క కనిపించిందని పాసింగ్ ప్లేస్‌లో బండి నిలిపి బైనాక్యులర్స్ తీయడం మాత్రం వద్దు. ఆ ఊళ్లో టూరిస్టుల మీద ఉన్న కోపంలో సగం దీని వల్లే అనిపిస్తుంది నాకు.

సంచిలో ఏం ఉండాలి

బైనాక్యులర్స్ ఒక్కటే తప్పనిసరి. 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు కాబట్టి మబ్బు పట్టినా వెలుతురు సరిపోతుంది. పన్నెండు రెట్లు, పదహారు రెట్లు అంటే మోజు పడకండి, చెయ్యి వణికితే చాలు, నీళ్లన్నీ వణుకుతాయి. ఇద్దరికి ఒకటి అయితే గొడవే. ఒకరు చూపు నిలిపేలోగా అది మునుగుతుంది.

బట్టలు రాతి రంగులో, నాచు రంగులో ఉంటే మేలు. రంగు కంటే చప్పుడు ముఖ్యం. చెయ్యి ఊపితే సర్రుమనే రెయిన్‌కోటు వేసుకుంటే మీరొచ్చిన సంగతి మీకంటే ముందే చేరుతుంది. కింద కూర్చోవడానికి వాన ప్యాంటు, లేదా చిన్న ఫోమ్ ముక్క. రబ్బరు బూట్లు. పాటులో బయటపడే నాచు సబ్బులా జారుతుంది, పెద్దవాళ్లతో వస్తే దాని మీదికి అసలు దిగనివ్వకండి. గడ్డిలో నడిస్తే సాయంత్రం పిక్కలు, మోకాళ్ల వెనకలు చూసుకోండి, ఇక్కడి పిడుదుల వల్ల లైమ్ వ్యాధి వస్తుంది.

తిండి సంగతి. కరకరలాడే చిప్స్ ప్యాకెట్ వద్దు. మేం పులిహోర తీసుకెళ్తాం. స్టీలు డబ్బాలో మాత్రం కాదు. ఒకసారి మూత చేతిలోంచి జారి, రాతి మీద ఖంగుమని పడి, దొర్లుకుంటూ నీళ్ల దాకా పోయింది. అప్పుడే నలభై నిమిషాల తర్వాత ఒడ్డెక్కిన నీటికుక్క మూతకంటే ముందు నీళ్లలోకి చేరింది.

ఒక్క చోటు ఎంచుకోండి

దీవి చుట్టూ తీరం 480 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంతా తిరగాలనుకోకండి. లాక్ అంటే ఇక్కడ భూమిలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. పడమట లాక్ నా కీల్ దక్షిణపు ఒడ్డు వెంట గ్రూలైన్ నుంచి గ్రిబన్ కొండ కిందికి పోయే బి8035 రోడ్డు నీళ్లకు ఆనుకునే ఉంటుంది. కారులోంచే ఒడ్డంతా కనిపిస్తుంది. దక్షిణాన లాక్ స్క్రిడైన్, దాని కొసన లాక్ బెగ్. తూర్పున లాక్ స్పెల్వ్ సముద్రం వైపు నోరు సన్నంగా ఉండి దాదాపు చెరువులా ఉంటుంది, గాలి రోజున నేను అటే పోతాను. సేలెన్, ఫిష్నిష్ ఒడ్లు కూడా మంచివే.

వీటిలో ఒకదాన్ని తీసుకుని, అందులో ఒక అర కిలోమీటరు ముక్కను ఎంచుకోండి. ఎలాగంటే, సముద్రంలో కలిసే చిన్న మంచినీటి కాలువ కోసం చూడండి. ఉప్పు పేరుకుంటే నీటికుక్క బొచ్చులో గాలి నిలవదు, గాలి నిలవకపోతే చలికి తట్టుకోలేదు. అందుకని అది రోజూ మంచినీళ్లలో స్నానం చేయాల్సిందే. 1980లలో షెట్లాండ్‌లో ఏళ్ల తరబడి వీటి వెంట తిరిగిన హాన్స్ క్రూక్ అనే జంతుశాస్త్రవేత్త పరిశీలనల్లో బాగా తేలిన సంగతి ఇది. మంచినీళ్లు లేని ఒడ్డున చేపలెన్ని ఉన్నా దానికి కాపురం కుదరదు.

కాలువ దొరికాక దాని పక్క రాళ్లనూ, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డి దిబ్బలనూ చూడండి. చుట్టూ గడ్డి వడలిపోయి ఉన్నా ఒక్క దిబ్బ మీద మాత్రం పచ్చగా ఎరువు వేసినట్టు ఉందంటే, నిజంగానే ఎరువు పడింది. తరతరాలుగా అవి ఒకే చోట రెట్ట వేసి తమ హద్దు చెప్పుకుంటాయి. రెట్ట తాజాదైతే తారులా నల్లగా, జిగురుగా ఉంటుంది. పాతదైతే బూడిద రంగుకు తిరిగి, చేపముళ్లూ పొలుసులూ పీత పెంకుల ముక్కలూ బయటపడతాయి. వాసన చూడమంటే మా అమ్మాయి పరుగెత్తింది గానీ, అది నిజంగా దుర్వాసన కాదు. ఇక్కడివాళ్లు మల్లెపూల టీ వాసన అంటారు. నాకైతే ఎండుచేపలు ఆరబెట్టిన చాప మీద ఎవరో నిన్నటి మల్లెపూలు పెట్టినట్టు అనిపించింది.

తడి ఇసుకలో పాదముద్ర కనిపిస్తే వేళ్లు లెక్కపెట్టండి. కుక్కకు నాలుగు పడతాయి, దీనికి ఐదు.

తాజా రెట్ట కనిపించిందంటే చోటు కుదిరినట్టే. కానీ అక్కడే కూర్చోకండి, అది దాని వాకిలి. యాభై అరవై మీటర్లు పక్కకు వచ్చి, గాలి నీళ్ల మీంచి మీ మొహానికి తగిలేలా, వెనక రాయో గట్టో ఉండేలా సర్దుకోండి. నడవలేని పెద్దవాళ్లుంటే బండి నిలపడానికి ఉద్దేశించిన చోట కారులోనే కూర్చుని అద్దం దించి చూడటం ఇంకా మంచిది. రోజూ చూసే కార్లను అవి పట్టించుకోవు. కారు తలుపు తెరుచుకుని మనిషి ఆకారం బయటికొస్తేనే చిక్కు.

నీళ్లను ఎలా చూడాలి

బైనాక్యులర్స్ వెంటనే కళ్లకు పెట్టకండి. ముందు మామూలు కంటితో నాచు అంచు వెంట ఎడమ నుంచి కుడికి మెల్లగా చూడండి. వెతకాల్సింది జంతువును కాదు, నీటి మీద గీతను. ఈదుతున్నప్పుడు దాని వెనక బాణం ములికిలా అలల గీత విచ్చుకుంటుంది. జంతువు కంటే ఆ గీత పదింతలు పెద్దది.

పక్షులు కూడా చెబుతాయి. బూడిద రంగు వీపున్న హుడెడ్ కాకి ఒకటి నీటి అంచున ఊరికే నిలబడి ఒకే వైపు చూస్తోందంటే దానికేదో పని ఉన్నట్టే. నీటికుక్క వదిలే ఎంగిలి కోసం కాకులూ సీగల్స్ దాని వెంట తిరుగుతుంటాయి. తెల్లతోక గద్ద కూడా అప్పుడప్పుడు దాని నోటి దగ్గరి చేప తన్నుకుపోతుంది. బ్రిటన్‌లో పూర్తిగా అంతరించిన ఈ గద్దల పిల్లలను 1975 నుంచి నార్వే నుంచి తెచ్చి రమ్ దీవిలో వదిలారు. 1985లో మల్ దీవిలోనే మొదటిసారి గూట్లోంచి పిల్ల ఎగిరింది. దీని కోసమే వచ్చే జనం ఎక్కువ, వాళ్లు పైకి చూస్తుంటారు. మీరు కిందికి చూడండి.

ఏదో తల కనిపించింది. నీటికుక్కేనా? గుండ్రంగా, బోర్లించిన కుండలా ఉండి మీ వంకే కుతూహలంగా చూస్తుంటే అది సీల్. సీల్ మునిగేటప్పుడు నిలువునా కిందికి జారిపోతుంది, నీటికుక్క అలా మునగదు. దాని తల చపటగా, నీటికి అంటుకుని ఉంటుంది, వెనక వీపు, ఇంకాస్త వెనక తోక, మూడు చుక్కల్లా తేలుతాయి. మునిగేటప్పుడు వీపు విల్లులా వంగి, చివర్న తోక కొస ఒక్క క్షణం ఆకాశం వైపు లేస్తుంది. ఆ తోక ఒక్కసారి చూస్తే ఇక జన్మలో పొరపాటు పడరు. చిన్నగా, వీపంతా నీటి పైన తేలుతూ హడావుడిగా పోయేది మింక్, అమెరికా నుంచి బొచ్చు వ్యాపారానికి తెచ్చిన జంతువు. కదలకుండా గంట సేపు ఉన్న తల చేపలవాళ్ల తెప్ప బుడ్డి. మేం దానికి పేరు కూడా పెట్టుకున్నాం.

తోక మునిగింది కదా, ఇప్పుడు లెక్కపెట్టండి. మామూలుగా ఇరవై నుంచి ముప్పై దాకా వచ్చేసరికి పైకి తేలుతుంది. చిన్న చేప దొరికితే నీళ్లలోనే తల పైకెత్తి నములుతుంది, గాలి లేకపోతే ఆ చప్పుడు వినిపిస్తుంది కూడా. పెద్ద చేపో, పీతో, ఆక్టోపస్సో దొరికితే ఒడ్డుకు తెస్తుంది. మీరు ఎదురుచూస్తున్నది దాని కోసమే.

స్టాచ్యూ ఆట

చిన్నప్పుడు "స్టాచ్యూ" అనగానే బిగుసుకుపోయే ఆట ఆడేవాళ్లం కదా. ఇప్పుడు ఆ ఆటే. అది నీటి పైన ఉన్నంతసేపు మీరు విగ్రహం. మునిగిన వెంటనే లేచి, పదిహేను లెక్కపెట్టేంత సేపు వంగి నడిచి, మళ్లీ కూలబడిపోవాలి. ముప్పై దాకా ఆశపడితే దొరికిపోతారు.

ఎటు నడవాలన్నదే అసలు మెలకువ. దాని మీదికి కాదు. వేటాడుతూ అది ఒడ్డు వెంట ఒకే దిక్కుగా సాగుతుంటుంది. మీరు ఒడ్డు నుంచి బాగా లోపలికి తప్పుకుని, దానికంటే ముందుకు పోయి, కూర్చుని, అది మీ దగ్గరికి వచ్చేలా చూసుకోండి. ఆకాశం వెనక నేపథ్యంగా పడేలా గట్టు మీద నిలబడితే అంతటితో ఆట ముగుస్తుంది. నీటి బయట దాని చూపు అంత వాడి కాదు గానీ కదిలే ఆకారాన్ని పసిగడుతుంది. ముక్కు మాత్రం మహా చురుకు. గాలి మీ వీపు వైపు నుంచి దాని వైపు వీస్తుంటే ఎంత చక్కగా కూర్చున్నా లాభం లేదు. అత్తరు, సెంటు, మిడ్జ్‌ల మందు అన్నీ దాని ముక్కుకు చేరతాయి.

పోయిన ఏప్రిల్‌లో లాక్ స్పెల్వ్ దగ్గర ఇలాగే ముందుకు పోయి ఒక రాతి వెనక పడుకున్నాం, నేనూ మా అమ్మాయీ. పదకొండు మునకలు లెక్కపెట్టాం. పన్నెండో మునక తర్వాత ముప్పై దాటింది, నలభై దాటింది, పోయిందనుకున్నాం. మాకు కుడిపక్క నాచులోంచి లేచింది. నోట్లో సన్నటి పాములాంటి చేప మెలికలు తిరుగుతూ దాని మూతికే చుట్టుకుంది. ముందరి కాళ్లతో దాన్ని రాతికి అదిమి, తల వైపు నుంచి మొదలుపెట్టి, కళ్లు మూసుకుని నమిలింది. తడి బొచ్చు కొబ్బరి పీచులా ముళ్లుముళ్లుగా లేచింది. మీసాల కొసల నుంచి నీటి చుక్కలు రాలడం బైనాక్యులర్స్ లేకుండానే కనిపించింది. తిన్నాక నాచు మీద అటూ ఇటూ పొర్లి, ఒళ్లు తుడుచుకుని, చుట్ట చుట్టుకుని పడుకుంది. పడుకున్నాక అది ఎక్కడుందో చూపించమంటే చూపించలేం, నాచులో నాచు. మేం ఎన్నిసార్లు అలా పడుకున్నదాని పక్కనుంచి మాట్లాడుకుంటూ నడిచిపోయామో అప్పుడు అర్థమైంది.

ఎప్పుడు వెనక్కి తగ్గాలి

తినడం ఆపి, తల పైకెత్తి మీ వంక చూస్తూ ముక్కుతో హుఫ్ మని ఊదిందంటే మీరు మరీ దగ్గరికి వచ్చేశారని. అలాగే ఉండి, అది చూపు తిప్పాక వెనక్కి జరగండి. ఒడ్డున ఉన్నదానికీ నీళ్లకీ మధ్యకు ఎప్పుడూ పోకండి. సన్నగా, పక్షి కూతలా ఈల వినిపిస్తే తల్లిని పిలిచే పిల్ల అది. తల్లీ పిల్లలు కనిపించినప్పుడు దూరం నుంచే చూసి, ఫొటోల కోసం వెంటపడకుండా వదిలేయడం మంచిది. తల్లి వేటాడిన ప్రతి చేపా పంచుకోవాల్సిందే, మన వల్ల నాలుగు మునకలు వృథా అయితే ఆ లోటు పిల్లలకే.

హోల్ట్ అంటారు, రాళ్ల సందుల్లోనో చెట్టు వేళ్ల కిందో ఉండే దాని బొరియను. కనిపించినా దగ్గరికి పోవద్దు. ఫోను లోపలికి పెట్టి వీడియో తీయడం అసలే వద్దు. 1994 నాటి నిబంధనల కింద ఇది రక్షిత జాతి, దాన్ని లెక్కలేనితనంతో కలవరపెట్టినా, బొరియ పాడుచేసినా నేరం. ఒడ్డున నడవడానికి మాత్రం 2003 నాటి స్కాట్లాండ్ చట్టం అందరికీ హక్కు ఇచ్చింది, బాధ్యతగా నడిచినంత కాలం. గొర్రెలున్న చోట గేటు ఎలా ఉంటే అలాగే మూసో తెరిచో వదలండి. కుక్క ఉంటే తాడు వదలకండి.

పిల్లలతో అయితే నలభై నిమిషాలకు మించి కూర్చోబెట్టకండి. మేం మునకలు లెక్కపెట్టే పని, కాకిని కాపలా కాసే పని పంచుతాం. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇది శిక్షే, వాళ్లను దీవిలోనే ఉన్న కాల్గరీ బేలో ఇసుకలో ఆడనివ్వండి, పెద్దవాళ్లలో ఒకరు వంతుల వారీగా కూర్చోండి.

ఒక్క రోజే ఉందా? అయితే సొంత ప్రయోగాలు మాని, వ్యాన్‌లో తిప్పి చూపించే స్థానిక గైడ్ దగ్గర సీటు తీసుకోండి. వాళ్లకు ఏ మలుపులో ఏది తిరుగుతుందో తెలుసు, టెలిస్కోపు వాళ్లే పెడతారు, మధ్యాహ్నం సూపు కూడా పోస్తారు.

తెల్లవారుజామునా చీకటి పడే వేళా కారు మెల్లగా నడపండి. కాలువలో నీళ్లు ఉధృతంగా ఉంటే నీటికుక్క వంతెన కింద ఈదకుండా రోడ్డెక్కి దాటుతుంది. బోర్డులు అక్కడే పెట్టారు. చచ్చిపడినది కనిపించినా, బతికున్నది కనిపించినా ఎక్కడ, ఏ వేళకి అన్నది రాసుకుని మల్ ఆటర్ గ్రూప్‌కు తెలియజేయండి. ఎక్కడ బోర్డు పెట్టాలో అలాంటి వివరాల వల్లే తెలుస్తుంది.

తిరుగు ఫెర్రీకి క్రెయిగ్‌న్యూర్‌కు గంట ముందే చేరుకోండి, కారు వరసలో పెట్టేసి రేవు పక్క రాళ్ల వైపు నడవండి. అక్కడ జనం, లారీలు, మైకులో ప్రకటనలు, ఇక్కడేం ఉంటుందిలే అనిపిస్తుంది. మేం మూడు రోజులు లాక్ నా కీల్ దగ్గర తడిసి, ఏమీ చూడక ఉసూరుమంటూ వచ్చిన ఆ ఒక్క ట్రిప్పులో, ఫెర్రీలోకి కార్లు ఎక్కించడం మొదలయ్యాక, రేవు పక్క నాచులో ఏదో తోక లేచినట్టు కనిపించిందని మా అమ్మాయి అరిచింది. వెనక లారీ హారన్ కొడుతోంది. బైనాక్యులర్స్ డిక్కీలో సూట్‌కేసు కింద ఉన్నాయి. ఆ ట్రిప్పును నేను చూసినవాటి లెక్కలో వేయలేదు, తను మాత్రం వేసుకుంది. బైనాక్యులర్స్ ఫెర్రీ ఎక్కేదాకా మెడలోనే ఉంచుకోండి.